మా వార్డుకి ఇంకో మనిషిని ఇవ్వండి

ఇన్సులిన్ సిరంజిలకి మూతలు రెండు రంగుల్లో వస్తాయని, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే మీకు తెలిసే ఉంటుంది. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకి 40 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం. నారింజరంగు మూతది 100 యూనిట్లుండే ఇన్సులిన్ కోసం. 100 అని రాసున్న సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 12వ గీత దాకా లాగారనుకోండి, చూడ్డానికి 12 యూనిట్లే, ఒంట్లోకి వెళ్ళేది మాత్రం 30. వయసు మళ్ళిన మనిషికి షుగర్ దభాలున పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పడానికి ఆ తేడా చాలు. ఈ సంగతి నర్సింగ్ మొదటి సంవత్సరంలోనే చెప్తారు. నేను కూడా ఎంతోమంది కొత్తపిల్లలకి సిరంజిలు చేతికిచ్చి మరీ చెప్పాను.

అదే తప్పు నేను చెయ్యబోయాను. అప్పటికి నాకు ఐసీయూలో ఐదేళ్ళ అనుభవం ఉంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రి, పేరు ఇక్కడ అవసరం లేదు. పొద్దున 8కి డ్యూటీ ఎక్కాను. రాత్రి 8కి వచ్చి నా దగ్గర హ్యాండోవర్ తీసుకోవాల్సిన అమ్మాయి, ఊళ్ళో వాళ్ళ నాన్నకి బాగోలేదని సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది. రిలీవర్ లేరు. నైట్ సూపర్‌వైజర్ వచ్చి "ఈ ఒక్క రోజుకి సర్దుకో తల్లీ, రేపు చూద్దాం" అంది. ఆ మాట వినడం ఆ నెలలో అది మూడోసారి. కాదని ఎలా అంటాం? నేను బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోతే వెంటిలేటర్ మీదున్న మనిషిని ఎవరు చూస్తారు? ఉండిపోయాను. తెల్లవారి ఆరింటికి, ఆరో నంబరు బెడ్ మీదున్న పెద్దాయనకి షుగర్ చూసి ఇన్సులిన్ ఇద్దామని లేచేసరికి నేను డ్యూటీకి వచ్చి 22 గంటలయింది. మా ఐసీయూలో ఎప్పుడూ వాడేది 40 సీసానే. ఆ రోజు ఫార్మసీలో అయిపోతే ఆ పెద్దాయన కొడుకు బయటినుంచి 100 సీసా కొనుక్కొచ్చి ఇచ్చాడు. నా చెయ్యి అలవాటు కొద్దీ ట్రేలోంచి ఎర్ర మూత తీసుకుంది, 12 దాకా లాగింది. సీసా మీది అంకె నా కంటికి కనబడింది, బుర్రకి ఎక్కలేదు.

పక్క బెడ్ దగ్గర యూరిన్ బ్యాగు కొలుస్తున్న పిల్ల, చేరి నాలుగు నెలలే అయింది, తలెత్తి చూసి "అక్కా, మూత ఎర్రది" అంది. అంతే అంది. నా చేతిలో సిరంజి, ఆయన పొట్ట మీద స్పిరిట్ దూది తడి ఇంకా ఆరలేదు.

ఆయనకి ఏమీ కాలేదు. మూడు రోజులకి వార్డుకి మారాడు, తర్వాత ఇంటికి వెళ్ళిపోయాడు, వెళ్తూ వెళ్తూ నన్ను దీవించి వెళ్ళాడు. అది నేనెవరికీ చెప్పుకోలేని దీవెన.

ఇన్సిడెంట్ ఫారం నేనే నింపాను, ఎవరూ నన్ను పట్టించలేదు. దాచకూడదని మాకు నేర్పారు కాబట్టి రాశాను. నర్సింగ్ ఆఫీసుకి పిలిచి ఎక్స్‌ప్లనేషన్ లెటర్ రాయమన్నారు. "ఏకాగ్రత లోపించడం వల్ల జరిగింది, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను" అని రాయించుకున్నారు. ఆ ఫారంలో రోగి పేరు, బెడ్ నంబరు, మందు పేరు, మోతాదు, ఎవరు గమనించారు, ఎవరు బాధ్యులు అన్నిటికీ గడులున్నాయి. ఆ సమయానికి ఆ నర్సు ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉంది అన్నదానికి గడి లేదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ లేని గడి గురించే.

రెండు వారాల తర్వాత మా అందరికీ ఒత్తిడిని ఎలా తట్టుకోవాలి అని ఒక క్లాసు పెట్టారు. మధ్యాహ్నం రెండున్నరకి, సెమినార్ హాల్లో. రాకపోతే ఆబ్సెంట్ వేస్తామన్నారు కాబట్టి నైట్ చేసి హాస్టల్‌కి పోయి పడుకున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. చెప్పడానికి వచ్చిన ఆవిడ మంచావిడ, నిజంగా మా మేలు కోరే మాట్లాడింది. కళ్ళు మూసుకుని ఊపిరి గట్టిగా పీల్చి వదలమంది. కళ్ళు మూసుకోగానే నా పక్కనున్న అమ్మాయి నిద్రపోయింది, తల నా భుజం మీద వాలింది. నేను కదల్లేదు. గంటసేపు ఆ పిల్లకి దొరికిన నిద్రే ఆ క్లాసు వల్ల మాకు జరిగిన మేలు.

యోగా మీద, కౌన్సెలింగ్ మీద నాకు కోపం లేదు. అవసరమైనవాళ్ళకి అవి ఉండాలి, ఇంకా ఎక్కువగా ఉండాలి. నా గొడవల్లా, అలసిపోయిన మనిషికి అలసట గురించి పాఠం చెప్పి పంపడాన్ని సపోర్ట్ అనుకోవడం మీదే. నాకు ఆ రాత్రి కావలసిన సపోర్ట్ రాత్రి 8 గంటలకి లిఫ్ట్ దిగి వచ్చి, షూ మార్చుకుని, "చెప్పు అక్కా, ఏంటి పరిస్థితి" అని హ్యాండోవర్ తీసుకునే ఒక మనిషి. ఆ మనిషి లేనప్పుడు మిగతావన్నీ దాని చుట్టూ తిరిగే మాటలే.

బర్నవుట్ అనే మాట ఈమధ్య అందరూ అంటున్నారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళూ అంటున్నారు, తప్పేం లేదు. కానీ ఆ మాటకి ఈ అర్థం వచ్చింది వైద్యసేవ చేసేవాళ్ళని చూసే. న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసిన ఫ్రాయిడెన్‌బర్గర్ అనే సైకాలజిస్టు, తనతోపాటు ఆ క్లినిక్‌లో సేవ చేసేవాళ్ళు ఎలా వాడిపోతున్నారో గమనించి 1974లో దాని గురించి రాశాడు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల పట్టిక ఐసీడీ-11లో దీన్ని వివరించింది. అందులో రెండు సంగతులు నాకు ముఖ్యం. ఒకటి, దీన్ని జబ్బు అనలేదు, పనిచేసే చోట పుట్టే పరిస్థితి అంది, సరిగా సంభాళించని దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల వస్తుందంది. రెండు, దాని లక్షణాలు మూడు చెప్పింది: ఒంట్లో శక్తి హరించుకుపోవడం, చేసే పనికి మనసు దూరమైపోవడం, ఆ పని ఇక తనవల్ల సరిగా కావడం లేదనిపించడం.

మొదటిది అందరికీ అర్థమవుతుంది. నన్ను భయపెట్టింది రెండోది.

ఇన్సులిన్ సంగతికి కొంచెం ముందు, ఒక రాత్రి ఒక తల్లి చనిపోయింది. నడివయసు మనిషి. డాక్టరు బయటికి వెళ్ళి చెప్పగానే కారిడార్లోంచి కూతురి ఏడుపు వినిపించింది, "అమ్మా, నేనొచ్చానే, ఒక్కసారి చూడవే" అని. ఆ ఏడుపు వింటూ నేను ట్యూబులు తీస్తున్నాను, మానిటర్ వైర్లు తీస్తున్నాను, మనసులో ఒకటే లెక్క: బాడీ ఎన్నింటికి పంపిస్తారు, బెడ్ ఎన్నింటికి ఖాళీ అవుతుంది, ఎమర్జెన్సీలో వెయిట్ చేస్తున్న అడ్మిషన్ నాకే వస్తుందా, పక్కావిడకి వెళ్తుందా. కూతురు లోపలికి వచ్చి తల్లి కాళ్ళ మీద పడితే, నేను గడియారం చూశాను. ఆ చూడడం నాకు ఇప్పటికీ గుర్తుంది. చేరిన కొత్తలో నా చేతుల్లో మొదటిసారి మనిషి పోయినప్పుడు బాత్రూంలోకి వెళ్ళి పావుగంట ఏడ్చినదాన్ని నేను. ఆ నేను ఎక్కడికి పోయానో తెలియలేదు. సెలవుకి ఊరికి వెళ్ళినప్పుడు, ఖమ్మం దగ్గర మాది, అమ్మ ఏదో అడిగితే కసిరాను. "ఆస్పత్రిలో రోగులతో కూడా ఇలాగే మాట్లాడతావా అమ్మా?" అంది. అమ్మ మామూలుగానే అడిగింది.

జనం "నర్సులు కసురుతారు, నర్సులకి జాలి ఉండదు" అంటారు. అనుభవించినవాళ్ళే అంటారు, నేను కాదనను. రోగి బంధువులకి అది అన్యాయమే. కానీ ఆ కరుకుదనం ఆ అమ్మాయి పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. నర్సింగ్ కాలేజీలో దీపం పట్టుకుని ప్రతిజ్ఞ చేసిన రోజున ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళున్నాయి, పక్కనుండి చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు లెక్కల్లోకి వస్తాను, ఎందుకంటే ఈ విషయం జాలితో మొదలుపెడితే జాలితోనే ఆగిపోతుంది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాస్పత్రుల్లో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆస్పత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో రోగికొకరు ఉండాలి. దాని మీద సెలవుల కోసం 30 శాతం మందిని అదనంగా పెట్టుకోవాలి. ఈ చివరి ముక్క ఎవరూ చదవరు, అసలు కీలకం అక్కడే ఉంది. ఒక వార్డులో 24 గంటలూ, 365 రోజులూ ఒక్క నర్సు నిలబడి ఉండాలంటే, ఎనిమిది గంటల షిఫ్టులైతే ఏడాదికి 1,095 డ్యూటీలు. వారానికి ఒక ఆఫ్, అన్నీ కలిపి ఒక 30 సెలవులు తీసేస్తే ఒక మనిషి ఏడాదికి చెయ్యగలిగేది 283 డ్యూటీలు. భాగించి చూడండి, దాదాపు నలుగురు కావాలి. ముగ్గుర్ని పెట్టుకుని మూడు షిఫ్టులు నడిపే ఆస్పత్రి, ఆ నాలుగో మనిషి పనిని మిగతా ముగ్గురి ఆఫ్‌ల్లోంచీ, జ్వరాల్లోంచీ, పండగల్లోంచీ తీసుకుంటోందన్నమాట. ఒకరి నాన్నకి బాగోలేకపోతే ఇంకొకరు 22 గంటలు నిలబడాల్సి రావడం అనుకోకుండా జరిగింది కాదు, ఆ రోస్టర్ రాసిన రోజే అది నిర్ణయమైపోయింది.

మనుషులు తక్కువైతే ఏమవుతుందో ఇరవై ఏళ్ళ కిందటే తేల్చారు. అమెరికాలో లిండా ఐకెన్ అనే నర్సింగ్ ప్రొఫెసరు, ఆమె బృందం పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రులను పరిశీలించి 2002లో ప్రచురించారు. ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పెరిగే కొద్దీ, సర్జరీ రోగులు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది, నర్సులు బర్నవుట్ అయ్యే అవకాశం 23 శాతం పెరిగింది. ఈ రెండు అంకెలు ఒకే పరిశోధనలో, ఒకే కారణం కింద పక్కపక్కనే ఉన్నాయి చూడండి. నర్సు అలసట వేరు, రోగి క్షేమం వేరు అనుకుని రెండు కమిటీలు వేసుకునే మేనేజ్‌మెంట్లకి నేను చూపించాలనుకునేది ఇదే. కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి, 2004 నుంచి ఏ వార్డులో ఎంతమంది రోగులకి ఒక నర్సు ఉండాలో తప్పనిసరి చేసింది. ఐసీయూలో ఇద్దరికి ఒకరు, దాటడానికి వీల్లేదు. మన దగ్గర ఉన్నవి ప్రమాణాలు, అవి ఇన్‌స్పెక్షన్ వచ్చిన రోజున ఫైల్లో కనబడతాయి. ఆస్పత్రుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్ళు వచ్చే వారం మా ఐసీయూలో మనుషులు నిండుగా ఉండేవాళ్ళు, వేరే ఫ్లోర్ల నుంచి తెచ్చేవాళ్ళు. ఆ వారం మేం వేళకి అన్నం తిన్నాం. అంటే మనుషులుంటే ఎలా ఉంటుందో మాకు తెలుసు, మా పైవాళ్ళకీ తెలుసు.

"మనుషులు దొరకడం లేదమ్మా, అందరూ వెళ్ళిపోతున్నారు, మేమేం చెయ్యాలి" అంటారు. నిజమే, వెళ్ళిపోతున్నారు. అయితే ఆ వెళ్ళిపోవడం వర్షంలాగా పైనుంచి వచ్చి పడుతున్నది కాదు.

ఒక సీనియర్ వెళ్ళిపోతే ఏం పోతుందో దగ్గరనుంచి చెప్తాను. బీపీ పడిపోయిన రోగికి నార్అడ్రినలిన్ అనే మందు సిరంజి పంపు మీద సన్నగా వెళ్తూ ఉంటుంది. 50 మిల్లీలీటర్ల సిరంజి అయిపోవస్తుంటే పంపు మోత మోగుతుంది. కొత్త పిల్ల ఆ మోత విన్నాకే లేచి మందు కలపడానికి వెళ్తుంది. యాంపూల్ విరగ్గొట్టి, లాగి, కలిపి, లేబుల్ రాసి, లైను నింపి తెచ్చేసరికి మూడు నాలుగు నిమిషాలు, ఈలోపు పాత సిరంజి ఖాళీ అయిపోతే ఆ మనిషి బీపీ 110 నుంచి 60కి జారిపోతుంది. సీనియర్ అయితే ఇంకా పది మిల్లీలీటర్లు ఉండగానే తర్వాతి సిరంజి కలిపి, లేబుల్ వేసి, పంపు పక్కన పెట్టుకుంటుంది. ఏ మోతా ఉండదు, ఏ గొడవా ఉండదు, చార్టులో ఏమీ కనబడదు. ఈ పద్ధతి నాకు ఒక మలయాళీ సిస్టర్ నేర్పింది, చెయ్యి పట్టుకుని, తిట్టి మరీ నేర్పింది. పుస్తకంలో చదువుకుంటే ఒక వాక్యం, ఒంటికి పట్టడానికి ఆరునెల్లు. ఆమె ఐర్లాండ్ వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో ఇద్దరు ఫ్రెషర్లను తీసుకుని, "ఒకరి బదులు ఇద్దర్నిచ్చాం కదా" అన్నారు. ఆ ఇద్దరినీ చూసుకుంటూ, నా ఇద్దరు రోగులనీ చూసుకుంటూ నేను ఏడాది చేశాను, ఆ ఏడాదే నేను అరిగిపోయింది. కాబట్టి ఒకరు వెళ్ళిపోవడం వల్ల ఇంకొకరు వెళ్ళిపోతారు. ఎవరైనా మొదటి మనిషి దగ్గర ఆపాలి, ఆపాలంటే ఆమెకి వెళ్ళిపోవాలని ఎందుకు అనిపించిందో అడగాలి. మా దగ్గర ఆ ప్రశ్న అడిగేది ఎగ్జిట్ ఇంటర్వ్యూలో, అదీ ఒరిజినల్ సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చే బల్ల దగ్గర. ఆ బల్ల దగ్గర ఎవరు నిజం చెప్తారు?

జీతం సంగతి చెప్పకుండా ఇదంతా చెప్పడం అన్యాయం. ప్రైవేటు ఆస్పత్రుల నర్సుల పరిస్థితి మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం జగదీశ్ ప్రసాద్ అధ్యక్షతన కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ఆస్పత్రుల్లో జీతం అదే స్థాయి ప్రభుత్వ నర్సు జీతంతో సమానంగా ఉండాలనీ, 50 పడకల కన్నా చిన్నవాటిలో కూడా 20 వేలకి తగ్గకూడదనీ ఆ కమిటీ చెప్పింది. అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు. కేరళలో నర్సులు 2017లో రోడ్డెక్కి, కొట్లాడి, 2018 ఏప్రిల్‌లో కనీస వేతనం 20 వేలు చేయించుకున్నారు. మన దగ్గర నా బ్యాచ్‌మేట్లలో చాలామంది ఆ కమిటీ పేరు కూడా వినలేదు. యూనియన్ అనే మాట హాస్టల్లో గట్టిగా అనడానికి కూడా భయం మాకు, ఎందుకంటే హాస్టల్ కూడా ఆస్పత్రిదే.

కరోనా సంగతి గుర్తుందా. మనందరం బాల్కనీల్లో నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ 2020 జూలైలోనే గాంధీ ఆస్పత్రిలో ఔట్‌సోర్సింగ్ నర్సులు, నెలకి 17,500 రూపాయలకి పీపీఈ కిట్లలో పనిచేస్తున్న పిల్లలు, విధులు ఆపి బయట కూర్చోవలసి వచ్చింది. తర్వాత జీతం 25 వేలు చేశారు. మరుసటి ఏడాది 2021 జూలైలో రాష్ట్రంలో పదహారు వందల మందికి పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను తీసేశారని వాళ్ళు మళ్ళీ రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి నాకు తెలుసు. పీపీఈ కిట్టులో ఎనిమిది గంటలు నీళ్ళు తాగకుండా ఉన్నప్పటికంటే, తీసేసిన రోజున ఎక్కువ అలిసిపోయానని నాతో అంది.

నేను చివరికి ప్రైవేటు వదిలేశాను. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో ఒకేసారి 6,956 మంది స్టాఫ్ నర్సులకి నియామక పత్రాలిచ్చారు, అందులో నేనూ ఉన్నాను. అమ్మ వచ్చింది, నాన్న ఫొటో బ్యాగులో పెట్టుకుని వచ్చింది. అంత సంతోషంలోనూ నా ఫోన్‌కి మా పాత ఐసీయూ నుంచి మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, "అక్కా, ఇవాళ నైట్ ఎవరూ లేరు" అని. ఎందుకంటే ఆ స్టేడియంలో కూర్చున్నవాళ్ళలో చాలామంది నాలాగే ఏదో ఒక ప్రైవేటు ఆస్పత్రి రోస్టర్లోంచి లేచి వచ్చినవాళ్ళే. ఆ వారం నగరంలో ఎన్ని ఐసీయూల్లో ఎంతమంది 22 గంటలు చేసి ఉంటారో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రభుత్వ ఆస్పత్రిలో అంతా బాగుందా అంటే, లేదు. జీతం నిలకడగా ఉంది, సెలవు అడిగితే తప్పు చేసినట్టు చూడరు, ఇవి చిన్న సంగతులు కావు, రాత్రిపూట నిద్ర పట్టేంత పెద్ద సంగతులు. కానీ ఇప్పుడు నేను చేస్తున్న వార్డులో 30 పడకలు, రాత్రిపూట నర్సు ఒకరే. చలికాలంలో పడకలు చాలక కింద కూడా పడుకోబెడతాం. నాతోపాటు రాత్రంతా ఉండే ఆయమ్మది ఇప్పటికీ ఔట్‌సోర్సింగే, జీతం నెలనెలా సరిగా రాదు, ఆమె గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. జూనియర్ డాక్టర్లు 36 గంటల డ్యూటీలు చేసి కేస్‌షీట్ మీదే తల పెట్టి నిద్రపోతుంటారు. 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ స్కీమ్ వారానికి 48 గంటలే అంది, అది కాగితం మీద అలాగే ఉంది. వాళ్ళని లేపడానికి నాకు చెయ్యి రాదు, లేపకపోతే రోగికి కష్టం.

విదేశాలకి వెళ్తున్నవాళ్ళని "డబ్బు కోసం పోతున్నారు" అనేవాళ్ళకి కూడా ఒక మాట. మా తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారానే జర్మనీకి, జపాన్‌కి నర్సులు వెళ్తున్నారు, గల్ఫ్ కోసం ప్రొమెట్రిక్ పరీక్ష, బ్రిటన్ కోసం ఓఈటీ అనే ఇంగ్లిషు పరీక్ష రాసేవాళ్ళకి లెక్కే లేదు. అక్కడ స్వర్గమేమీ లేదు. బ్రిటన్‌లో నర్సుల సంఘం ఆర్‌సీఎన్ 2022 డిసెంబరులో తన చరిత్రలోనే అతిపెద్ద సమ్మె చేసింది, జీతాల కోసమూ, వార్డుల్లో మనుషులు చాలక రోగులకి ప్రమాదంగా ఉందన్నందుకూ. అక్కడికెళ్ళిన నా రూమ్మేట్ కూడా అలిసిపోయే ఉంటుంది, ఫోన్లో గొంతు వింటే తెలుస్తుంది. కానీ ఒక్క తేడా చెప్పింది. ఆమె ఒకసారి ఒక మందు గంట ఆలస్యంగా ఇచ్చింది. రిపోర్టు చేస్తే మేనేజర్ కూర్చోబెట్టి మొదట అడిగింది, ఆ షిఫ్టులో నీ దగ్గర ఎంతమంది రోగులున్నారు, బ్రేక్ తీసుకున్నావా అని. "ఆ ప్రశ్నకి నాకు ఏడుపొచ్చిందే" అంది. డబ్బు కోసం వెళ్ళిన మనిషికి ఏడుపొచ్చింది ఆ ప్రశ్నకి.

ఇక్కడ అలాంటి ప్రశ్న అడిగినవాళ్ళు నాకు ఒక్కరు తగిలారు. మా ఐసీయూ మొదటి ఇన్‌ఛార్జి సిస్టర్. ఆమె చేతిలో బడ్జెట్ లేదు, పోస్టులు ఇచ్చే అధికారం లేదు. అయినా మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి "రెండో బెడ్ నేను చూస్తా, నువ్వెళ్ళి తిను, ఇరవై నిమిషాల ముందు రాకు" అనేది. ఎవరైనా చనిపోతే, ఆ రోగిని చూసిన నర్సుని వెంటనే కొత్త అడ్మిషన్ తీసుకోనిచ్చేది కాదు, పది నిమిషాలు ప్యాంట్రీలో కూర్చోబెట్టి టీ ఇప్పించేది. రోస్టర్ రాసేటప్పుడు వరసగా ఆరు నైట్లకి మించి ఎవరికీ వెయ్యలేదు, వెయ్యమంటే పైవాళ్ళతో కొట్లాడింది. డాక్టరు అందరి ముందూ అరిస్తే, తర్వాత ఆయన గదికి వెళ్ళి మాట్లాడేది, ఏం మాట్లాడేదో మాకు చెప్పేది కాదు గానీ ఆయన మళ్ళీ అరిచేవాడు కాదు. ఆమె ఉన్న రెండున్నరేళ్ళలో మా ఐసీయూ నుంచి మానేసింది ఇద్దరే. ఆమె రిటైరయ్యాక ఏడాదిలో తొమ్మిది మంది వెళ్ళారు, లెక్క నేనే పెట్టాను. జీతం రెండు కాలాల్లోనూ ఒకటే.

అయినా ఆమె మంచితనాన్ని పరిష్కారమని నేను చెప్పను. రెండో బెడ్ నేను చూస్తా అన్న ప్రతి మధ్యాహ్నం ఆమె అన్నం మానేసింది. ఒక మనిషి లేని లోటుని ఆమె తన ఒంటితో పూడ్చింది. రిటైరయ్యేనాటికి మోకాళ్ళు పట్టేసి, మెట్లు ఎక్కలేకపోయేది. వార్డు నడవడానికి అలాంటి ఒక మనిషి అరగాల్సి వస్తే ఆ వార్డులో పోస్టులు తక్కువున్నాయనే అర్థం.

"నర్సింగ్ అంటే సేవ కదా, డ్యూటీ గంటలు లెక్కపెట్టుకుంటే ఎలా" అని పెద్దవాళ్ళు అంటారు, మా బంధువుల్లోనే అంటారు. సేవే. కాబట్టే లెక్కపెట్టాలి. మీ అమ్మకి ఇన్సులిన్ ఇచ్చే చెయ్యి ఎన్నో గంటలో ఉందో తెలుసుకునే హక్కు మీకుంది. ఐసీయూకి రోజుకి ఎంత అని అడుగుతారు కదా, ఏసీ ఉందా అని అడుగుతారు కదా, రాత్రిపూట ఎంతమంది పేషెంట్లకి ఒక సిస్టర్ ఉంటుంది అని కూడా అడగండి. పదిమంది అడిగితే పదకొండో మనిషికి సమాధానం తయారు చేసి పెట్టుకోవాల్సి వస్తుంది. ఇక ఆస్పత్రి నడిపేవాళ్ళని నేను అడిగేది, ఇన్సిడెంట్ ఫారంలో ఒక్క గడి కలపండి: అప్పటికి డ్యూటీలో ఎన్నో గంట, చేతికింద ఎంతమంది రోగులు. ఏడాదిపాటు ఆ గడి నిజాయితీగా నింపనివ్వండి, ఎవరికీ మెమో ఇవ్వకండి. ఆ కాగితాలు దగ్గర పెట్టుకుని, తర్వాత ఇంకో నర్సుని పెట్టుకోవడానికి ఖర్చు ఎక్కువవుతుందా అన్నది మాట్లాడదాం.

ఆ రోజు "అక్కా, మూత ఎర్రది" అన్న పిల్ల పోయిన ఆదివారం ఫోన్ చేసింది. ఇప్పుడు ఆ ఐసీయూలో తనే సీనియర్. జర్మనీ వెళ్ళడానికి జర్మన్ భాష నేర్చుకుంటోంది, బీ1 స్థాయి అయిపోయింది, దాని పైదైన బీ2 పరీక్ష వచ్చే నెల, నైట్ డ్యూటీలో రోగులు కాస్త నెమ్మదించాక చార్టుల వెనక కాగితం పెట్టుకుని చదువుతోందట. వెళ్ళమంటావా అక్కా అని అడిగింది. వెళ్ళు అన్నాను, నేను వచ్చేశాక నిన్ను ఉండమనే నోరు నాకెక్కడిది అన్నాను. ఎర్ర మూత, నారింజ మూత రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి, ప్రింటు వేయించి మందుల ట్రాలీకి అంటించిందట. వెళ్ళేలోపు కనీసం ఇద్దరు పిల్లల్ని సిరంజి పంపు దగ్గర ఒంటరిగా వదిలేలా తయారు చెయ్యాలని ఉందట, ఇద్దరినీ ఎంచుకుని రోజూ కాస్త కాస్త నేర్పిస్తోంది. నిన్న మెసేజ్ పెట్టింది. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి రిజైన్ లెటర్ ఇచ్చేసిందట.